కొండనాలుక కాడి అక్షరం

మెట్‌పల్లిలో గడియారాలు బాగుచేసే అజీముద్దీన్ సాబ్‌కు ఒక్కటే జబ్బు. ఎవరి నోట శబ్దం తప్పినా ఓర్చుకోలేడు. ఇల్లు అంటుకుందని అరుస్తూ వచ్చినవాడి చేత కూడా ముందు మాట సరిగ్గా పలికించి, ఆ తర్వాతే బొక్కెన అందిస్తాడని ఊళ్లో చెప్పుకునేవారు.

పొద్దున పిల్లలకు అరబ్బీ అక్షరాలు నేర్పేవాడు. పగలంతా ఆ పాఠం పెద్దలకూ తప్పేది కాదు. అరబ్బీలో 'క'లు రెండు. ఒకటి మనందరికీ వచ్చేదే. రెండోది కొండనాలుక దగ్గర పుట్టాలి. మన వైపు నోళ్లన్నీ దాన్ని 'ఖ' చేసి 'ఖాఫ్' అంటాయి. సాబ్ యుద్ధమంతా ఆ ఒక్క అక్షరం మీదే.

"నా ఖిస్మత్ బాగలేదు సాబ్, గడియారం మల్ల ఆగింది" అన్నాడొకసారి నేత పని చేసే బాలమల్లు.

"ఖిస్మత్ కాదు! లోపటికెల్లి తియ్యి. కిస్మత్!"

"ఖిస్మత్."

"నోరు తెరువు!"

గడియారాలు చూసే కంటద్దం పెట్టుకుని బాలమల్లు గొంతులోకి తొంగిచూశాడు.

"సాబ్, ఆగింది గడియారం. నా కొండనాలుక మంచిగనే నడుస్తుంది."

హైస్కూల్లో సైన్సు చెప్పే ఖయ్యూం పేరే ఆ తప్పుతో మొదలవుతుంది. "కప్ప గొంతుల ఏమున్నదో పిల్లలకు చెప్తవు, నీ గొంతు సంగతి నీకు ఎర్కలేదు" అని సాబ్ ఎత్తిపొడిస్తే అతను నవ్వేసేవాడు.

కానీ ఆ ఏడు నవ్వు రాలేదు. కూతురు ఖుద్సియాకు ఏ 'క' అయినా 'త'యే. పేరడిగితే "తుద్సియా" అంటుంది. వాడకట్టు పిల్లలు వెక్కిరించారు. రెండు నెలలుగా పరాయివాళ్ల ముందు పిల్ల నోరు విప్పడం లేదు. ఖయ్యూం చెంచాతో నాలుక నొక్కి చూశాడు. అంతా పుస్తకంలో బొమ్మలాగే ఉంది. ఫికర్ మాత్రం తగ్గలేదు.

ఇంతలో పిల్లకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండాయి. బిస్మిల్లా చెప్పించి అక్షరాలు మొదలుపెట్టే రోజది. దానికి సాబ్‌నే పిలుద్దామంది ఖయ్యూం భార్య గౌహర్.

"ఆయన వద్దు! పదిమంది ముందట పిల్లను సక్కదిద్దుతడు. మల్ల ఇంట్ల గూడ మాట్లాడది" అన్నాడు ఖయ్యూం.

"ఆయన్ను పిలువకుంటే మన ఇద్దరి గొంతులు చూస్తడు" అంది గౌహర్.

బిస్మిల్లా తల్లి చెవిలో గుసగుసగా చెప్పింది పిల్ల. తర్వాత సాబ్ ఒక్కో అక్షరం పలికితే, తల మాత్రం ఊపింది. ఆ అక్షరం వచ్చింది. సాబ్ గొంతు సవరించుకుని గట్టిగా అన్నాడు:

"ఖాఫ్!"

చుట్టాల మధ్య కూర్చున్న బాలమల్లు ఎగిరి లేచాడు. "సాబ్! ఖాఫ్ అంటివేంది? కొండనాలుక, కొండనాలుక!" ఏళ్ల తరబడి గొంతులు చూపించుకున్న వాళ్లంతా ఒక్కసారే మీద పడ్డారు. సాబ్ అమాయకంగా చూసి, "ఖాఫే గద?" అన్నాడు.

పిల్ల ఇక ఓర్చుకోలేకపోయింది. ఆయన చొక్కా పట్టి లాగింది.

"అట్ల తాదు దాదా! తాఫ్ అనాలె!"

ఖయ్యూం కళ్లు మూసుకున్నాడు.

"అవును బిడ్డా, నాదే తప్పు. తర్వాతది నువ్వే చెప్పు" అన్నాడు సాబ్.

తర్వాతది మామూలు 'క'. దాన్నీ "తాఫ్!" అని మొదలుపెట్టి, ఇంట్లో వినివిని వచ్చిన మిగతా అక్షరాలన్నీ చివరిదాకా అరిచేసింది పిల్ల.

అందరూ మిఠాయిల మీద ఉన్నప్పుడు ఖయ్యూం ఆయన్ని అరుగు మీదికి పిలిచాడు.

"తప్పు పలికింది గద సాబ్, ఇడిసిపెట్టినవేంది?"

"అక్షరం యాడికి పోతది? ఇన్నేండ్లు ఆగింది, ఇంకో ఏడాది ఆగుతది. పిల్ల మాట లోపట్నే ఇరుక్కుంటే ఏ పానాతోని తీస్తవు?"

"మరి మమ్ముల ఒక్కనాడన్న ఇడువవు?"

"మీకు సిగ్గెక్కడిది? ఎంత తిట్టినా నవ్వుతరు. పిల్లలకైతే తప్పు చెవులనే చెప్త" అంటూ సాబ్ చెప్పులేసుకున్నాడు.

ఖుద్సియా గడప దాటి వచ్చి వీధిని పరిచయం చేయసాగింది. "అబ్బాజాన్, తోడి! గోడ మీద తాతి!"

ఖయ్యూం సరిదిద్దబోయి ఆగాడు.

"అవునమ్మా, తాతే. ఏమంటున్నది తాతి?"

"తావ్! తావ్!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచింది పిల్ల.