నరం తెగిందన్న మాట

ఈ ఉదయం నా చిన్నకూతురి చెవులకు పోగులు కొందామని, ఇక్కడ బర్మాలో లత అనే పేటలో ఉన్న బజారుకు వెళ్ళాం. మా అమ్మ ఎప్పటిలాగే బంగారం కొట్టు మెట్టెక్కలేదు. చేపపులుసులో సేమ్యా వేసిచ్చే మొహింగా అమ్మే ఆవిడ బల్ల పక్కన, చేపపులుసు ఆవిర్ల మధ్య గొడుగు పట్టుకుని నిలబడింది. "అమ్మమ్మ లోపలికి ఎందుకు రాదు?" అని పిల్ల బర్మా భాషలో అడిగింది. నాకు చిన్నమామ గుర్తొచ్చాడు.

చిన్నమామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళి చేసుకోమంటే పారిపోయేవాడు, ఉత్తరాన కొండల్లోని బంగారు గనికి మాత్రం పిలవకుండానే వెళ్ళాడు. బర్మా వాళ్ళ కొత్త సంవత్సరానికి, నీళ్ళు చల్లుకునే నీళ్ళ పండక్కి, తామ్వేలోని మా ఇంటికొచ్చి, నాలుగు రోజుల అన్నం ఒక పూటలో తిని, పసుపు తీగ పాకిన పలుగురాయి ఒకటి నా చేతిలో పెట్టేవాడు. ఓసారి అమ్మ టీ కెటిల్ మూత తీసి, లోపల పేరుకున్న తెల్లని పొర చూపించాడు. "సూడు కోడలా, బంగారం కూడా ఇలాగే పుడతాది. అడుగున మరిగే నీళ్ళల్లో కరిగుంటాది. ఆ నీళ్ళు రాతి పగుళ్ళంట పైకొచ్చి సల్లారితే, పలుగురాయితో పాటు అక్కడే ఉండిపోతాది. భూమి అదిరిందనుకో, పగులు విచ్చుకుంటాది, ఒత్తిడి ఒక్కసారే తగ్గిపోతాది, నీళ్ళు ఆవిరైపోతాయి. బంగారమే మిగుల్తాది." భూమి అదరడం ఏదో పెళ్ళి కబురైనట్టు చెప్పేవాడు.

రాతిలో పాకిన ఆ బంగారు తీగను బర్మా వాళ్ళు ఒంట్లో నరాన్ని పిలిచే మాటతోనే పిలుస్తారు. మామ దాన్ని తెలుగులోకి లాక్కొచ్చి నరమనేవాడు. ఒకసారి ఫోన్లో వాళ్ళక్కతో, అంటే మా అమ్మతో, "అప్పా, నరం తెగిపోనాది" అన్నాడు. తవ్వుతున్న తీగ మధ్యలో మాయమైందని దానర్థం. అమ్మ మామ ఒంట్లో నరమనుకుని పెద్దగా ఏడ్చి అమ్మవారికి మొక్కుకుంది. సంగతి తెలిశాక ఇల్లంతా నవ్వాం, అమ్మ వారం రోజులు మామతో మాట్లాడలేదు.

తర్వాత ఓ ఉదయం మా ఇంట్లో ఫ్యాను కాస్త ఊగింది, అంతే. సాయంత్రం మామతో పనిచేసే తెలుగబ్బాయి ఫోన్ చేశాడు. అసలు మాట నోట రాక, "అత్తా, నరం తెగిపోనాది" అన్నాడు. అమ్మ నవ్వింది. "మళ్ళీ ఎతుక్కోమను" అంది. అటువైపు ఏడుపు వినిపించాక గాని ఆమెకు అర్థం కాలేదు. ఆ అదురుకి గనిలో సొరంగం కూలింది, మామ లోపలే ఉండిపోయాడు. తవ్వితే ఇంకా కూలుతుందని వదిలేశారు. శవం లేకపోతే దర్భలతో బొమ్మ చేసి కాల్చవచ్చని పెద్దలు చెప్పారు. "గడ్డి తగలబెడితే నా తమ్ముడైపోతాడేటి?" అని అమ్మ వాళ్ళను గుమ్మంలోంచే పంపేసింది. కర్మ చేయనివ్వలేదు. ఏటా పండక్కి మామ కంచం కడిగి పెడుతూనే ఉంది. ఆ కంచాన్ని చూస్తే నాకు భయం.

పోగులు కొని బయటికొచ్చాం. అమ్మ డబ్బీ తెరిచి చూసింది, ముట్టుకోలేదు.

"ఆడున్న కాడ కూడా ఇప్పుడు బంగారం పుడతాదేటే?"

"పుట్టొచ్చమ్మా."

"ఎన్నాళ్ళు పడతాది?"

"వేలు, లక్షల ఏళ్ళు పట్టొచ్చు."

అమ్మ డబ్బీ మూత పెట్టి నా చేతికిచ్చేసింది. "అన్నేళ్ళూ ఆ రాతిలోనే ఉండిపోతాడేటి? అయితే మరింక రాడే," అంది. ఆ మాటతో అక్కడే, బజారు మధ్యలో కూలబడి ఏడ్చింది. కాలం గడిస్తే దుఃఖం తగ్గుతుందంటారు. కాలం ఎంత పెద్దదో తెలిశాక గాని మా అమ్మ దుఃఖం మొదలే కాలేదు.