ఆయన పట్టు నేర్చుకున్న పిడి

"వదినా, సోమవారం ఆ పిడిని వేడి చేసేస్తాం. చూడాలనుంటే ముందే రండి" అని మాధవి ఫోన్ చేయకపోతే నేను మళ్ళీ జంషెడ్‌పూర్ మొహం చూసేదాన్ని కాదు. మా ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ ఊరి పక్కనున్న గమ్హరియాలో క్రేన్ నడిపేవారు. ఒకసారి జారిపడ్డాక కుడిచేతి వేళ్ళలో పట్టు తగ్గింది. అక్కడే ఓ చిన్న ప్రయోగశాలలో ఇంజనీరుగా ఉన్న మాధవి, క్రేన్ లివర్‌కి తొడిగే మెత్తటి పిడి ఆయన కోసం తయారుచేసింది. చూడ్డానికి రబ్బరే. కానీ మళ్ళీ మళ్ళీ నొక్కిన చోట మెత్తబడుతుంది, నొక్కని చోట బిగుస్తుంది. నెల రోజులు పట్టుకుంటే ఆ చేతిని పూర్తిగా నేర్చేసుకుంటుంది. వేడి చేస్తే అంతా మరిచిపోతుంది. ఉన్నది ఒక్కటే, ఇప్పుడు ఇంకో కార్మికుడికి కావాలి. కాదనడానికి నేనెవరిని?

విశాఖలో మధ్యాహ్నం రైలెక్కితే తెల్లవారాక జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్‌లో దిగాను. ఆటో మూడు వందలన్నాడు. డ్రైవర్ టెక్కలివాడు. మేం కాపురమున్న బర్మామైన్స్ సందు ముందు నుంచే పోయాడు, నేను తల తిప్పలేదు. బిష్టుపూర్‌లో ఆపించి పూరీ తిన్నాను, నలభై రూపాయలు. సహించలేదు.

"గమ్హరియాలో ఫ్యాక్టరీలు తప్పితే ఏటుందమ్మా సూడ్డానికి?" అన్నాడు డ్రైవర్.

మా ఆయన చెయ్యి చూడాలన్నాను. అద్దంలో నా వంక చూసి, ఆటోని ఆదిత్యపూర్ వంతెన మీదికి తిప్పాడు.

పదిన్నరకి మాధవి ప్రయోగశాల గేటు దగ్గరికొచ్చి లోపలికి తీసుకెళ్ళింది. పిడిని బల్ల మీద పెట్టి, తొందరలేదంది. నాలుగు వేళ్ళ గాళ్ళు, ఉంగరపు వేలి దగ్గర అడ్డంగా ఇంకో సన్న గాడి. నాకు నవ్వొచ్చింది. ఫ్యాక్టరీలో ఉంగరాలు కూడదని ఆయన రోజూ తన ఉంగరాన్ని టిఫిన్ డబ్బా మూతలో దాచి, పని అయి గేటు బయటికి రాగానే తొడుక్కునేవారు. ప్రయోగశాల ఆయన లెక్కలో ఫ్యాక్టరీ కాదు. పిడికి చెయ్యి నేర్పిన ఆ నెలంతా అక్కడ ఉంగరంతోనే నొక్కారు. మాధవి చూసి కేకలేసేసరికి పిడి దాన్ని కూడా నేర్చేసుకుంది. ఆ ఉంగరం దారం చుట్టుకుని ఇప్పుడు నా వేలికుంది.

"పట్టుకోండి వదినా. కానీ ఎక్కువసేపు నొక్కితే మీ చెయ్యి నేర్చుకోవడం మొదలెడుతుంది" అంది.

పట్టుకున్నాను. ఆయన గాళ్ళు వెడల్పు, నా వేళ్ళు అందులో వదులుగా తిరిగాయి. ఉంగరం మాత్రం దాని చోట్లో సరిగ్గా కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడూ అంతే, నా వేళ్ళు ఎక్కడో మునిగిపోయేవి. గట్టిగా నొక్కాను, మళ్ళీ నొక్కాను. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి పిడి నా చేతిలో కాస్త ఇమిడినట్టనిపించింది. అప్పుడు భయమేసింది. నాకు ఆ కాస్త సరిపోతోందంటే అక్కడ ఆయన తగ్గిపోతున్నారన్నమాట. వదిలేసి, సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే వేడి చేసేయమన్నాను. మాధవి స్విచ్ వేసింది.

తిరుగు రైల్లో కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన కావాలనిపించింది, అంతే, ఇంకే మాటా లేదు. ఆ పిడి రేపటి నుంచి ఇంకెవరి వేళ్ళకో అన్నం పెడుతుంది. అది మరిచిపోవడం నేర్చింది, నాకింకా రాలేదు.

అలాంటి ప్రయోగశాల చూడబోయేవాళ్ళకి ఒక్క మాట: ఉంగరాలు గేటు దగ్గరే తీసి సంచిలో వేసుకోండి, లోపల తీయమని అడుగుతారు. నన్ను మాత్రం మాధవి అడగలేదు.