అత్త కోసం వేసిన చిప్

సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే నా చెయ్యి వణకదు. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. స్టీలు ప్లాంటులో మీటర్లు బాగుచేయడం నా ఉద్యోగం. పాత గేమ్ కన్సోళ్ళకు ఇంట్లోనే చిప్‌లు తయారుచేసి వేయడం నా సరదా.

పోయిన వేసవిలో ఆ సరదాయే పనికొచ్చింది. పక్షవాతం వచ్చి మా అత్త కుడిచెయ్యి పడిపోయింది. వేళ్ళు కదిలిస్తూ ఉంటే కొంతైనా తిరిగి వస్తుందని, వదిలేస్తే బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. రబ్బరు బంతి ఇస్తే ఎడంచేత్తో గోడకేసి కొట్టింది. ఫిషింగ్ హార్బర్ దగ్గర జీవితమంతా చేపలు కోసిన మనిషి, చంటిపిల్లలా బంతి నొక్కమంటే ససేమిరా అంది.

ఓడలో పనిచేసే మా మరిది ఎప్పుడో జపాన్ నుంచి తెచ్చిన కన్సోల్ అటక మీద ఉంది. చేపలు పట్టే ఆట డిస్కు మాత్రం సింగపూర్‌లో కొన్నాడు. ఆ పెట్టె పరాయి దేశపు డిస్కును ముట్టుకోదు.

"పాడైపోయింది వదినా, దీన్నేటి సేత్తావ్?" అన్నాడు మరిది, నేను దాన్ని కిందికి దించుతుంటే.

"పాడవనేదు, మొండికేసింది. మీ యమ్మలాగే," అన్నాను.

డిస్కు పెట్టగానే అది ఏ దేశానిదో కన్సోల్ చూసుకుంటుంది. నా చిప్ పని ఒక్కటే, "మనదే" అని నమ్మించడం. గోరంత చిప్‌లో ప్రోగ్రాం ఎక్కించి, వెంట్రుకలాంటి రాగి తీగలతో బోర్డుకు అతికించాను. ఆన్ చేస్తే టీవీ నల్లగానే ఉంది. మరిది నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. విప్పి చూస్తే ఒక తీగ చివర కరెంటును ఆపే పైపూత సరిగ్గా పోలేదు. గీకి మళ్ళీ అతికించాను. ఆట మొదలైంది.

ఆటలో గేలం నేనే వేసి, కంట్రోలర్ అత్త ఒళ్ళో పెట్టి, ఆమె కుడి బొటనవేలు బటన్ మీద ఉంచాను.

"ఇదేటే? సేపేనా? మొప్పలే సరిగ్గా నేవు," అని ఈసడించింది.

ఇంతలో గేలానికి పెద్ద చేప తగిలింది.

"నొక్కత్తా, నొక్కు! పోతాది!" అని అరిచాను.

వేలు కదిలింది. నిజంగానే కదిలింది. ఇంకోసారి కూడా. ఆ తర్వాత ఆగిపోయింది, చేప తప్పించుకుంది.

జబ్బుపడ్డప్పటి నుంచి కంటతడి పెట్టని మనిషి భోరుమంది.

"నాను వదల్నేదే. నా సెయ్యే వదిలేసింది."

నాకూ ఏడుపొచ్చింది. టీవీ కట్టేద్దామని లేచాను.

"ఎక్కడికే? కూకో," అంది అత్త. "మళ్ళీ ఎయ్ గేలం."