సీతాఫలాల అడవికి అనసూయక్క వీపుసంచి

అడవిలో పూటంతా తిరగడానికి ఎలాంటి సంచి కొనుక్కోవాలని ఈమధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నేను దగ్గరుండి ఎంచిన మొదటి వీపుసంచి నా కోసం కాదు, మా ఇంటి యజమానురాలు అనసూయక్క కోసం. డెబ్బయ్యో దశకం మొదట్లో మా ఆయనకు పటాన్‌చెరు దారిలోని ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. గుడివాడ దగ్గర పల్లె నుంచి వచ్చిన మేము, క్వార్టర్ ఇచ్చేదాకా చిట్కుల్‌లో ఆమె ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. అక్కకు అప్పటికి నలభై ఏళ్లుంటాయి. వ్యవసాయ కుటుంబం, గట్టి మనిషి. ఆ ఏడు వానాకాలంలో నెత్తిన పచ్చగడ్డి మోపుతో పొలంగట్టు దిగుతూ జారిపడింది. మోపు బరువంతా మెడ మీద పడింది. సంగారెడ్డి ఆస్పత్రిలో డాక్టరు మెడకు పట్టీ వేసి, ఇక జన్మలో నెత్తిన బరువు పెట్టొద్దని చెప్పాడు.

పట్టీ తీసేశాక నొప్పి తగ్గింది కానీ అక్క మాట తగ్గిపోయింది. బిందె ఎత్తబోతే తోడికోడలు పరుగున వచ్చి లాక్కునేది. గంప ముట్టుకుంటే మరిది అడ్డం పడేవాడు. అందరిదీ ప్రేమే. అయినా ఆ ఇంట్లో ఆమె చేతులకు పని లేకుండా పోయింది. ఏటా దీపావళి ముందు నర్సాపూర్ అడవికి పోయి గంపెడు సీతాఫలాలు నెత్తిన పెట్టుకొచ్చి వాడంతా పంచడం ఆమెకు అలవాటు. ఆ ఏడు "నేనూ వస్తాను, గంప నేను తెస్తాను, వెళ్దాం పదక్కా" అన్నాను. ఆమె మొహం తిప్పుకుంది. "నువ్వు మోస్తుంటే నేను ఉత్త చేతులూపుకుంట వెనుక రావాల్నా? గట్ల పోతే అడివికి పోయినట్టు గాదు చెల్లె, సూసి వచ్చినట్టు" అంది.

ఆ మాట నన్ను రెండు రోజులు పట్టి పీడించింది. కర్మాగారం గేటు దగ్గర మాజీ సైనికుడైన కాపలాదారు ఒకాయన వీపున సంచి తగిలించుకుని సైకిల్ మీద రావడం చూశాక ఆలోచన తట్టింది. డాక్టరు బరువు నెత్తిన వద్దన్నాడు కానీ వీపున వద్దనలేదు కదా! పట్టీ తీయించుకున్న ఆస్పత్రికే మళ్లీ వెళ్లి అడిగాం. కొద్ది బరువైతే ఫరవాలేదు, చేతివేళ్లు తిమ్మిరెక్కితే మాత్రం వెంటనే దించెయ్యాలి అన్నాడు డాక్టరు. ఆ ఆదివారమే ఇద్దరం బస్సెక్కి సికింద్రాబాదు వెళ్లాం.

పాత మిలిటరీ సామాను అమ్మే దుకాణాలు అక్కడ వరసగా ఉండేవి. గడ్డం తెల్లబడిన దుకాణాదారు మమ్మల్ని చూసి, "ఇది ఫౌజీలది అమ్మా. ఇంట్ల మగోళ్లకా?" అన్నాడు. "నాకే. మెడ బాగలేదు, నెత్తిన బరువు పెట్టద్దన్నరు" అంది అక్క. ఆయన నవ్వలేదు. స్టూలు జరిపి, ముందు మెడకు ఏమైందని అడిగాడు. తర్వాత ఒక్కొక్కటీ తీశాడు. ఒంటి పట్టీతో భుజాన వేలాడే సంచి మెడను ఒక పక్కకు లాగింది. ఇనప చట్రం ఉన్న పెద్దది అక్క తలకన్నా ఎత్తుగా నిలిచి, కమ్మీ నడుములో గుచ్చుకుంది. మూడోది చిన్నది, ముతక కాన్వాసుది, రెండు వెడల్పాటి పట్టీలది. ఖాళీ సంచి ఏదైనా హాయిగానే ఉంటుందని దుకాణాదారు అందులో పాత బూట్లు నింపి ఆమె వీపుకు తగిలించాడు. "జెర అటూఇటూ నడువుండ్రి, జల్దీ లేదు" అన్నాడు. చీర కట్టుకుని, వీపున బూట్ల మూటతో అక్క ఆ సందులో చివరిదాకా వెళ్లి వచ్చింది. చాయ్ బండి దగ్గరి మగవాళ్లు తేరిపార చూశారు. తిరిగొచ్చేసరికి ఆమె బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. "వాళ్లు నవ్విన్రు చెల్లె. నవ్వనీ. మెడ మీద ఏం పడ్తలేదు" అంది. బేరం కూడా ఆడకుండా కొనేసింది.

ఇంటికొచ్చాక పట్టీల కింద పాత బొంత ముక్కలు మడిచి కుట్టాను. మంచానికి అల్లే నవారు రెండు మూరలు కత్తిరించి, నడుముకు కట్టుకునేలా సంచి అడుగున బిగించాను. చీరతో వీపుసంచి వేసుకునేవాళ్లకు ఒక మాట: పైట కొంగును ముందే నడుము చుట్టూ తిప్పి దోపుకోవాలి. లేకపోతే పట్టీ కింద నలిగి, అడుగడుక్కీ భుజాన్ని వెనక్కి లాగుతుంది. మేమది పెరట్లో నడిచి నేర్చుకున్నాం.

దీపావళి ముందు ఒక రోజు, తొలి బస్సు ఇస్నాపూర్ చౌరస్తాలో ఎక్కి, సంగారెడ్డిలో దిగి, నర్సాపూర్ బస్సు పట్టుకున్నాం. ఇద్దరికీ పోనూ రానూ కలిపినా ఐదు రూపాయలు దాటని రోజులవి. కండక్టరు సంచిని చూసి "ఏందమ్మా, పటాలానికి పోతున్నవా?" అన్నాడు. "ఆఁ, నర్సాపూర్ మీదికి దండు పోతున్న. అడివి మొదలైన కాడ ఆపు" అంది అక్క. చాలా రోజులకు విన్న పరాచికమది. అడవి అంచున దిగి, బండిబాట పట్టేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. సంచిలో జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం, నీళ్ల సీసా, చిన్న గిన్నె, చాయ్‌పత్తి, బెల్లం, కొడవలి ఉన్నాయి. నేను చేయి చాచబోతే, "నా సంచి ముట్టకు" అని ముందే హెచ్చరించింది.

టేకుచెట్ల కింద ఎండుటాకులు గలగలమంటుంటే అక్క ముందు, నేను వెనక నడిచాం. కళ్లు విచ్చుకున్న కాయను ఎలా గుర్తుపట్టాలో, దేన్ని ఇంకో వారం చెట్టునే వదలాలో చూపిస్తూ పోయింది. ఒక రాతి నీడన మూడు రాళ్లు పెట్టి, చెట్టునే ఎండిన సన్న పుల్లలు విరిచి మంట చేసింది. నేల మీదివి అడుగు చెమ్మ పట్టి ఉంటాయి, పొగే తప్ప మంట రాదట. మోదుగాకులు పుల్లలతో కుట్టి విస్తళ్లు చేసింది. నల్లచాయ్ తాగుతూ, "గీ మూడు నెలలు నన్ను గాజుబుడ్డి లెక్క సూసిన్రు" అంది, మంటవైపు చూస్తూ.

మధ్యాహ్నానికి సంచి పళ్లతో నిండింది. ముందు కోసిన గట్టికాయలు అడుక్కి పోయాయి, ఆఖరున దొరికిన పెద్దకాయలు పైన, బయటివైపు పడ్డాయి. తిరుగుదారిలో చిన్న ఎత్తు ఉంది. ఎక్కేటప్పుడు అక్క అడుగులు నెమ్మదించాయి. భుజాలు ముందుకు వంగాయి. సంచి ఇమ్మని నోటిదాకా వచ్చి, పొద్దున్నటి మాట గుర్తొచ్చి మింగేశాను. ఎదురుగా కట్టెలమోపుతో వస్తున్న ఒకామె ఆగి, "గంత యాష్టపడుతున్నవేందక్కా, నా మోపు మీద పెట్టు, రోడ్డు దాక తెస్త" అంది మంచితనంగా. "నేనేమన్న ముసలిదాన్నా!" అని అక్క కసిరింది. ఆమె బిత్తరపోయి వెళ్లిపోయింది.

ఎండిన వాగు దగ్గర అక్క ఒక బండ మీద కూలబడింది. కుడిచేతి వేళ్లు ముడుస్తూ, చాపుతూ చూసుకుంటోంది. డాక్టరు మాట ఇద్దరికీ గుర్తుంది. ఇంట్లో అందరూ చేసినట్టే నేనూ ఆ సంచిని లాక్కుంటే, ఈమె మళ్లీ ఎప్పటికీ ఇల్లు కదలదు. లాక్కోకపోతే ఆ చేయి ఏమవుతుందో. పక్కన కూర్చుని, "వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయా అక్కా?" అని మాత్రం అడిగాను.

అక్క ఇంకోసారి వేళ్లు ముడిచి చూసుకుంది. తర్వాత ఎడమచేత్తో నవారు ముడి విప్పి, పట్టీలు జారవిడిచి, సంచిని నా వైపు నెట్టింది. "జెర దూరం నువ్వు మొయ్యి చెల్లె" అంది. కళ్లలో నీళ్లున్నాయి. "నువ్వు గుంజుకుంటవనుకున్న. గుంజుకుంటే ఇయ్యకపోదును."

సంచి వీపున వేసుకోగానే తప్పు తెలిసింది. బరువంతా పైన, బయటివైపు ఉండి వెనక్కి లాగుతోంది. నవారు వదులై, మోత మొత్తం భుజాల మీదే ఆగింది. అన్నీ బయటికి తీశాం. పెద్దకాయలు వీపుకు ఆనేలా పెట్టి, తేలికవి బయటివైపు సర్ది, నీళ్ల సీసా, కొడవలి నా చేతిసంచిలోకి మార్చాం. ఓ డజను కాయలు నా కొంగులో కట్టుకున్నాను. రోడ్డు కనిపించేదాకా నేనే మోశాను. అప్పటికి ఆమె వేళ్లు తేరుకున్నాయి. "ఇగ ఇటియ్యి" అంది. నవారు ముందు బిగించి, పట్టీలు తర్వాత సర్దుకుని, బస్సు దాకా నింపాదిగా నడిచింది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాం. తోడికోడలు ఎదురొచ్చి సంచిని చూసి, నన్ను చూసి, "ఎవలు మోసిన్రు?" అని అడిగింది. అక్క అరుగు మీద కూర్చుని, తొందర లేకుండా ముడి విప్పుకుంటూ చెప్పింది. "నేను మోసిన. చెయ్యి గుంజితే చెల్లె మోసింది. మల్ల నేను మోసిన." తర్వాత పళ్లు ఇంటికిన్ని లెక్కన పళ్లెంలో పేర్చి, తనే వాడలోకి బయలుదేరింది. ఆ రోజు ఆమె చేతిలోంచి ఎవరూ పళ్లెం లాక్కోలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లకు మాకు క్వార్టర్ వచ్చి చిట్కుల్ వదిలాం. ఈలోపు అదే సంచితో ఇద్దరం చాలాసార్లు అడవికి వెళ్లాం. ఎవరు ఎంత దూరం మోశారో గుర్తులేదు. తోడు నడిచేవాళ్ల కష్టాన్ని తీర్చెయ్యాలని మనకు తొందరగా ఉంటుంది. వాళ్లు అడిగేదాకా పక్కన కూర్చోవడం అంతకన్నా కష్టమని ఆ వాగు దగ్గర నాకు తెలిసింది. ఇప్పుడు దారులు, బస్సులు మారిపోయాయి, కాయలు కోయడానికి అటవీశాఖ వాళ్లను అడగాలి, వెళ్లేముందు కనుక్కోండి. సంచి సంగతికొస్తే, దుకాణంలో నాలుగడుగులు వేసి నమ్మెయ్యకండి. మీరు నిజంగా మోసే బరువు నింపి, ఇంటి దగ్గరే ఒక గంట, ఎత్తూపల్లం ఉన్న దారిలో నడవండి. నొప్పిపెట్టే సంచి మొదటి పావుగంటలో పట్టుబడదు, గంట తర్వాతే బయటపడుతుంది.