పాలమూరుకు ఏ అంగి తొడుక్కొని పోవాలె?

ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టర్‌గా బస్సులోనే బతికినవాడిని. నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు, అంటే మా నోట పాలమూరుకు, ఎన్నిసార్లు పోయివచ్చానో నాకే తెలియదు. కానీ మొన్న దసరా పోయి దీపావళి ఇంకా రాకముందు, అదే ఊరికి మామూలు ప్రయాణికుడిలా పోవాల్సి వచ్చేసరికి ఏం తొడుక్కోవాలో, సంచిలో ఏం పెట్టుకోవాలో తెలియక మూడు రోజులు సతమతమయ్యాను. కొలువులో ఉన్నన్నాళ్ళు బట్టల బాధ లేదు. రెండు జతల ఖాకీ, ఒక లుంగీ, ఒక తువ్వాల. చలైనా అవే, ఎండైనా అవే.

పోయే పని మాత్రం చిన్నది కాదు. పదకొండేళ్ళు నా బండి నడిపిన డ్రైవర్ ఖాజా భాయ్ పాలమూరులో ఉంటాడు. పక్షవాతం వచ్చి కొంత తగ్గింది గానీ మతిమరుపు పట్టుకుంది. ఆయన బిడ్డ షాహీన్ ఫోన్ చేసింది.

"చాచా, అబ్బా ఎవల్నీ గుర్తు వడ్తలేడు. ఒక్కోరోజు నన్ను సుత ఎవరమ్మా నువ్వు అంటడు. పాత దోస్తులను ఎవలనన్న చూపియ్యుమన్నరు దవాఖానల. జర నువ్వొకసారి రా."

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. రిటైరై రెండేళ్ళయింది, ఒక్కసారీ పోయి చూడలేదు. సిగ్గు అదొకటి. ఇప్పుడు పోతే నన్ను గుర్తుపట్టకపోతే? ఆ పదకొండేళ్ళ సంగతులు తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఆయన మర్చిపోతే అవన్నీ నా ఒక్కడి దగ్గరే మిగులుతాయి. అంగి గురించి అంత తండ్లాట అందుకే. ఏది తొడుక్కుంటే గుర్తుపడతాడు?

ఈ కాలంలో మా దిక్కు వాతావరణానికి ఒక మాట మీద నిలబడే అలవాటు లేదు. తెల్లారి చలి, పన్నెండింటికి మాడు పగిలే ఎండ, సాయంత్రం చెప్పాపెట్టకుండా వాన. మా ఆవిడ పద్మ సంచిలో స్వెట్టరు, మంకీ టోపీ కుక్కింది. షాద్‌నగర్‌లో కాపురముంటున్న మా బిడ్డ ఫోన్లో, "నాయినా, పాలమూరు ఇప్పుడు పెద్ద సిటీ అయింది, లుంగీల గిట్ల తిరగకు" అంది. పక్కింటి మల్లయ్య తన గొడుగు తెచ్చి చేతిలో పెట్టాడు. అందరి మాటా విన్నాను. విన్నకొద్దీ సంచి లావైంది, బుర్ర ఖాళీ అయింది.

దసరాకు పద్మ కొన్న వంకాయరంగు అంగి ఉంది. దానికి ఒకటే జేబు, మూత కూడా లేదు. ఖాకీ అంగికి రెండు జేబులు, రెంటికీ మూతలు. ముప్పై ఒక్క ఏళ్ళు పైసలు ఒకదాంట్లో, పాసు ఒకదాంట్లో పెట్టిన చేతులకు ఈ ఒంటి జేబుతో ఏం చేయాలో తోచలేదు. రిటైరైన నెలలోనే పద్మ నా ఖాకీలను స్టీలు సామాన్ల ఆమెకు వేసి ఒక బకెట్టు తీసుకుంది. ఒక్క అంగి మాత్రం దండెం మీద మిగిలింది. అదే తొడుక్కొని పోతానన్నాను.

"డ్యూటీ దిగి రెండేండ్లాయె. ఖాకి తొడుక్కొని బస్సెక్కితే జనం నిన్ను చిల్లర అడుగుతరు" అంది పద్మ.

నిజమే అనిపించింది. వంకాయరంగుదే తొడుక్కున్నాను. కానీ ఆమె పొయ్యి దగ్గరికి పోయినప్పుడు ఖాకీ అంగిని మడిచి సంచి అడుగున పెట్టుకున్నాను.

మా నార్కట్‌పల్లి చౌరస్తాలో పొద్దున ఐదు దాటి పది నిమిషాలకు బస్సు దొరికింది. స్వెట్టరు వేసుకున్నాను, టోపీ పెట్టుకున్నాను. ఆరింటిలోపే నల్లగొండ. బస్టాండు ముందు బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిని ఆరుంపావు పాలమూరు బస్సెక్కాను. ఎక్కి ఎక్కడ కూర్చోవాలో తెలియక అలవాటుగా డోరు దగ్గర నిలబడ్డాను. కండక్టర్ ఒక పడుచు అమ్మాయి.

"పెద్దాయనా, డోర్ కాడ నిలవడకు. లోపటికి జరుగు, లోపట జాగా ఉంది."

ఆ మాటలు నావి. కొన్ని వేలసార్లు నేనే అన్నాను. నన్ను ఒకరు అంటే ఎటు జరగాలో అర్థం కాలేదు. ఆడవాళ్ళకు టికెట్టు లేని రోజులు కాబట్టి బండి నిండుగా ఉంది. దేవరకొండకు పోయే ఒక అవ్వ కొంచెం సర్దుకొని తన పక్కన చోటిచ్చింది.

దేవరకొండ రోడ్డు ఎక్కాక కండక్టరమ్మ వచ్చి టికెట్ అడిగింది. రిటైరైనవాళ్ళ పాసు ఉంది కదా అని దర్జాగా చెయ్యి కుడి జేబు మీదికి పోయింది. అక్కడ జేబు లేదు. పాసు ఎక్కడుందో అప్పుడు యాదికొచ్చింది: సంచి అడుగున, ఖాకీ అంగి జేబులో. ఒళ్ళో సంచి విప్పాను. టోపీ తీసి అవ్వ చేతికిచ్చాను. తువ్వాల ఇచ్చాను. గొడుగు ఇచ్చాను. లుంగీ, పద్మ కట్టిన సకినాల పొట్లం కూడా ఆమె ఒళ్ళోకే పోయాయి.

"ఏం కొడుకా, యాడన్న దుకాణం పెట్టవోతున్నవా?" అంది అవ్వ. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు.

చివరికి ఖాకీ బయటపడింది. కండక్టరమ్మ దాన్ని చూసి, పాసు చూసి, "అయ్యో, మనోళ్ళేనా సార్. ముందే చెప్పకపోతిరి" అంది. గౌరవం అంగికి దొరికినట్టుంది, నాకు కాదు. సామానంతా గబగబా మళ్ళీ కుక్కాను. కొండమల్లేపల్లి దాటి ఏడున్నరకు దేవరకొండలో అవ్వ దిగిపోయింది. మల్లయ్య గొడుగు కూడా ఆమెతోనే దిగిపోయిందని నాకు డిండి దాటాక గానీ తెలియలేదు.

అక్కడి నుంచి ఎండ మొదలైంది. రెండు పక్కలా పత్తి తెల్లగా విచ్చుకొని ఉంది, ఏరేవాళ్ళు వంగి ఉన్నారు. స్వెట్టరు విప్పాను. తొమ్మిదింపావుకు కల్వకుర్తి, పది నిమిషాలు ఆగుతుందన్నారు. నేనూ ఖాజా భాయ్ రోజూ ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోయించుకొని తాగిన హోటల్ అక్కడే ఉంది. గల్లా దగ్గర అదే మనిషి. నన్ను చూస్తే దూరం నుంచే "సాయన్నా" అని పిలిచేవాడు.

"ఏం గావాలె సార్?" అన్నాడు ఇప్పుడు.

"చాయ్" అన్నాను. పోసిచ్చి పైసలు తీసుకొని ఇంకొకరి వైపు తిరిగాడు. నేను పేరు చెప్పుకోలేదు. మతి బాగున్న మనిషే నన్ను వంకాయరంగులో పోల్చుకోలేదంటే, పాపం ఖాజా భాయ్ ఎట్లా పోల్చుకుంటాడు? జడ్చర్ల వచ్చేవరకు అదే ఆలోచన. పది యాభైకి పాలమూరు బస్టాండులో దిగగానే మూత్రశాలలోకి పోయి అంగి మార్చాను.

బయటికి రాగానే ఒకాయన "నాగర్‌కర్నూల్ బండి ఎన్నింటికి?" అని అడిగాడు. పదకొండుంపావు అని చెప్పాను. అది రెండేళ్ళ కిందటి టైము. ఆయనకు బస్సు దొరికిందో లేదో నాకు తెలియదు, ఆ పాపం పద్మ మాట విననందుకు నా మీదే ఉండాలి.

ఆటోలో ఖాజా భాయ్ ఇంటికి చేరేసరికి పదకొండున్నర. రోడ్డుమీదికి ఉన్న కిటికీ ముందు కుర్చీ వేసుకొని, గదికి వీపు పెట్టి కూర్చున్నాడు. పొద్దంతా అట్లాగే కూర్చుంటాడని షాహీన్ చెప్పింది. మెల్లగా కుర్చీ తిప్పి, "అబ్బా, చూడు ఎవలొచ్చిన్రో" అంది. నేను ఖాకీ అంగి సర్దుకొని ఎదురుగా నిలబడ్డాను.

"భాయ్, నేను సాయిలును."

నా ముఖం చూడలేదు. అంగి చూశాడు. కళ్ళలో బెదురు. లేవబోయి లేవలేక, ఆడే చెయ్యి ఒక్కటీ నుదుటికి ఎత్తి సలాం చేశాడు.

"లైసెన్సు ఇంట్ల మరిచిన సాబ్. బండి ఆపకుండ్రి, పాసింజర్లున్నరు. పొద్దుగాల తెచ్చి చూపిస్త సాబ్."

నన్ను పోలీసనుకున్నాడు. దూరాన్నుంచి ఇంత ఆలోచించి తెచ్చిన ఖాకీ ఆయన్ని భయపెట్టడానికి పనికొచ్చింది. వెంటనే లోపలికి పోయి విప్పేసి వంకాయరంగుదే తొడుక్కొని వచ్చాను. ఈసారి బెదరలేదు, అంతే. మెడికల్ షాపులో పక్కన నిలబడ్డ మనిషిని చూసినట్టు చూసి, కుర్చీ కిటికీ వైపు తిప్పమన్నాడు. పద్మ కట్టిన సకినాలు చేతిలో పెట్టాను. తిన్నాడు. ఎవరిచ్చారని అడగలేదు.

షాహీన్ అన్నం పెట్టింది, ఖట్టీ దాల్, బెండకాయ వేపుడు. తింటున్నంతసేపు ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. రాత్రికి ఉండాలని వచ్చినవాడిని, ఉండి ఏం లాభం అనిపించింది. రెండు గంటల బస్సుకు పోతానని సంచి భుజానికి వేసుకున్నాను.

తలుపు పక్కన ఇనుప బీరువా ఉంది. పోతూ పోతూ, ఏ ఆలోచనా లేకుండా, అరచేత్తో దాని రేకు మీద రెండుసార్లు తట్టాను. మా బండిలో గంట తాడు ఎప్పుడో తెగిపోయింది. ఒకసారి తట్టితే ఆపాలి, రెండుసార్లు తట్టితే పోవాలి. నోరు కూడా దానంతటదే అంది: "రైట్, రైట్!"

కిటికీ ముందు వీపు నిటారుగా లేచింది. ఎడమ చెయ్యి గాల్లోకి పోయి గేరు వేసింది.

"ఏం సాయిలూ, గింత ఆలస్యం జేస్తివి?" అన్నాడు ఖాజా భాయ్, తల తిప్పకుండా. "ఎనకాల డోర్ ఏసినవా?"

షాహీన్ చేతిలో గిన్నె కిందపడింది. నాకు ఏడుపు ఆగలేదు. ఉరికిపోయి ఆయన ముందు నిలబడి, "భాయ్, నేనే, సాయిలును!" అన్నాను. మళ్ళీ అదే కొత్త చూపు. ఏం చేయాలో తెలియక వెనక్కి వచ్చి బీరువా దగ్గర నిలబడ్డాను.

"సాయిలూ," అన్నాడు, గొంతు తగ్గించి. "గా ముందటికొచ్చి నిలవడ్డాయన టికెట్ తీస్కున్నడా?"

"తీస్కున్నడు భాయ్" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు పోనీయ్."

అప్పుడు తెలిసింది నాకు. పదకొండేళ్ళు నేను చూసింది ఆయన మెడ వెనకభాగం. ఆయన చూసింది రోడ్డు. నేనంటే ఆయనకు వెనకనుంచి వచ్చే ఒక గొంతు, రేకు మీద ఒక చెయ్యి. ఖాకీ వేసుకుంటే ఏంటి, వంకాయరంగు వేసుకుంటే ఏంటి? మూడు రోజుల నుంచి ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఆ రోజు నేను బస్సెక్కలేదు. మంచం ఆయన కుర్చీ వెనక వేసుకొని కూర్చున్నాను. ఒక్కో స్టేజీ పేరు పిలిచాను, జడ్చర్ల దిగేవాళ్ళు దిగాలి అన్నాను, కిటికీ ముందు రోడ్డు మీద ఎవరో మేకలు తోలుకొస్తే ఒకసారి తట్టి ఆపాను. కల్వకుర్తి అనగానే, నేను చెప్పి ఉంచినట్టే షాహీన్ ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసి తెచ్చింది. "చక్కెర తక్కువేసిండు వీడు" అన్నాడు ఖాజా భాయ్. సాయంత్రం వాన దంచి కొట్టింది, గొడుగు దేవరకొండలో ఉంది. దేవరకొండ రాకముందే ఆయన కుర్చీలో నిద్రపోయాడు.

పొద్దున లేచేసరికి మళ్ళీ ఎవరికి ఎవరం. పొద్దుగాల అబ్బాకు చలి పెడుతుందని షాహీన్ అంటే స్వెట్టరు, టోపీ ఆయనకే తొడిగించి, ఏడున్నర బస్సెక్కాను. ఈసారి పాసు ఒంటి జేబులోనే ఉంది. మళ్ళీ నెల వస్తానని షాహీన్‌కు మాటిచ్చాను. నా తర్వాత ఈ కాలంలో ఎవరైనా పాలమూరు పోయేదుంటే స్వెట్టరు, గొడుగు, పలచటి నూలు అంగి తీసుకపొమ్మంటాను, గొడుగు మాత్రం పక్కవాళ్ళ ఒళ్ళో పెట్టొద్దు. ఇంతకుమించి బట్టల గురించి నన్ను అడగొద్దు.

కొండమల్లేపల్లిలో బస్సు ఆగింది. కండక్టర్ బస్టాండు కౌంటర్‌లో సంతకం పెట్టడానికి దిగాడు. అప్పుడే పద్మ ఫోన్ చేసింది.

"గుర్తు వట్టిండా?"

"పట్టిండు."

"నేను చెప్పలే, వంకాయరంగు మంచిగుంటదని? అంగి చూసి ఏమన్నడు?"

"అంగి చూడలే పద్మా. నా ముఖం సుత చూడలే."

"మరెట్ల గుర్తు వట్టిండయ్యా?"

ఫోన్‌ను కిటికీ దగ్గర పెట్టి, ఆమెకు వినిపించాలని కింది రేకు మీద రెండుసార్లు తట్టాను. బస్సు గర్రుమని కదిలింది. కింద కండక్టర్ కాగితాలు పట్టుకొని "ఆపు, ఆపు, ఎవల్రా తట్టింది!" అని ఉరికొస్తున్నాడు. బండిలో ఉన్నవాళ్ళందరూ నా దిక్కు తిరిగారు.

"గిట్ల పట్టిండు" అన్నాను ఫోన్లో.