కవ్వం పెట్టని సంతకం

మా పెద్దమ్మ రోజూ కార్ఖానాలోకి రాగానే, తలకు టోపీ అయినా పెట్టుకోకుండా కిటికీ దగ్గరికి వెళ్తుంది. ముందురోజు నింపిన లోషన్ సీసా ఒకటి వెలుతురుకు ఎత్తి, అడుగున నీళ్ల గీత కనబడుతుందేమోనని చూస్తుంది. గీత లేకపోతే "కలిసే ఉన్నారు" అంటుంది, ఎప్పుడూ పోట్లాడుకునే పక్కింటి దంపతుల గురించి చెప్పినట్టు.

ఇరవై ఆరేళ్లుగా ఆమె పని నూనెనూ నీళ్లనూ కలపడం. అవి వాటంతటవి కలవవు. మధ్యలో సబ్బు ఉండాలి. అది ఒక్కో నూనె చుక్క చుట్టూ సన్నటి పొరలా పట్టి, పక్క చుక్కతో అంటుకోనివ్వదు. వేడి తొట్టెలో ఆ మూడింటినీ తిప్పీ తిప్పీ ఆమెకు "కవ్వం" అనే పేరు స్థిరపడింది.

కొత్తగా వచ్చిన మేనేజరు ఒకరోజు, చర్మానికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి లోషన్ కూడా కాస్త పుల్లగా ఉండాలని, చివర్లో నిమ్మ ఉప్పు కలపమన్నాడు.

"పులుపు తగిలితే విరిగిపోతుంది సార్."

"ఇదేమన్నా పాలా, విరగడానికి? చెప్పింది చెయ్యి."

చెప్పినట్టే చేసింది. మర్నాటికి నాలుగు వందల సీసాల్లోనూ అడుగున నీళ్లు, పైన నూనె, మధ్యలో తెల్లటి పలుకులు.

మేనేజరు అందరి ముందూ నవ్వాడు. "కవ్వం చేతికిస్తే వెన్న తేలక ఇంకేం తేలుతుంది?"

తర్వాత ఒక కాగితం ముందుకు తోశాడు. తాను సరిగా తిప్పకపోవడం వల్లే సరుకు పాడైందని ఆమె ఒప్పుకున్నట్టు రాసి ఉంది. సంతకం పెడితే మూతలు బిగించే పనికి మారుస్తారు. పెట్టకపోతే ఇంటికే.

"పెట్టను."

"ఏం, చదవడం రాదా?"

"చదివాను కాబట్టే పెట్టను."

కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. పులుపు కలపని లోషన్ రెండు గాజు గ్లాసుల్లో పోసి తెచ్చి, అతని బల్ల మీద పెట్టింది. "ఒకదాంట్లో నిమ్మ ఉప్పు నీళ్లు వెయ్యండి. రెండూ మీరే తిప్పండి. నా చెయ్యి తగలకూడదు."

గుమ్మం దగ్గర జనం చేరారు. వెనక్కి తగ్గితే బాగుండదని అతను తిప్పాడు. భోజనాలయ్యేసరికి నిమ్మ ఉప్పు పడిన గ్లాసు విరిగింది. రెండోది మీగడలా నున్నగా ఉంది.

"సార్ చేతికీ వెన్నే తేలిందక్కా!" అని గుమ్మంలోంచి ఎవరో అన్నారు.

పెద్దమ్మ నవ్వలేదు. "పులుపు తగిలితే సబ్బు సబ్బుగా ఉండదు సార్, మళ్లీ కొవ్వైపోతుంది. ఇక చుక్కల్ని విడివిడిగా ఉంచేదేముంది? పుల్లగానే కావాలంటే పులుపుకి ఓర్చుకునే మందు తెప్పించండి. మార్చాల్సింది సబ్బుని, నన్ను కాదు."

అతను ఆ కాగితం వెనక్కి ఇమ్మన్నాడు.

"నా పేరు మీద రాశారుగా. నా దగ్గరే ఉంటుంది."

వారం తిరక్కుండా సబ్బుకు బదులు వేరే మందు డబ్బాలు వచ్చాయి. క్షమాపణ మాత్రం రాలేదు.

పెద్దమ్మకిప్పుడు యాభై ఏడేళ్లు. ఆ తొట్టె దగ్గరే పనిచేస్తోంది. కాగితం ఆమె క్యారేజీ సంచి లోపలి జేబులో ఉంది. సంతకం చోటు ఖాళీగానే ఉంది.