నాలుగో స్థానం

మా నందిగామ డ్రిల్లు మాస్టారు రోజూ టీ తాగుతూ, బాస్కెట్‌బాల్ చరిత్రలో బంతి అందిస్తూ ఆట నడిపిన గొప్ప పాయింట్ గార్డుల జాబితా చెప్పేవారు. నేను డైరీలో రాసుకునేవాణ్ణి. మొదటి ముగ్గురూ అమెరికావాళ్లు, వారానికోసారి మారేవారు. నాలుగో స్థానం ఎప్పుడూ ఆయనదే.

"మొదటి స్థానమే తీసుకోకపోయారా?" అన్నాను.

"ఎడంచేత్తో పాసివ్వలేనండి. అబద్ధమాడకూడదు కదా."

జగ్గయ్యపేట జట్టుతో మ్యాచ్‌లో తానే ఆడి ఆ స్థానం నిలబెట్టుకుంటానని అందరి ముందూ చెప్పారు. చివరి నిమిషంలో మాదే ఒక్క పాయింటు ఎక్కువ. అప్పుడు అవతలి జట్టులో ఉన్న ఆయన పాత శిష్యుడు "మాస్టారూ, ఇటు!" అని చెయ్యెత్తాడు. మాస్టారు చక్కగా బంతి అందించారు. ఓడిపోయాం.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చారు.

"డైరీ తీయండి. నన్ను కిందికి దించేయండి."

"ఎన్నో స్థానానికండి?"

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు.

"ఐదు. పాస్ మాత్రం బాగానే ఇచ్చాగా!"